తిరగవలసినది నడుము కాదు

మనిషి – యంత్రం

ఈ శీర్షికన ఇంతవరకు మన కర్మాగారంలోని యంత్రాలను గురించియే ముచ్చటించుకొన్నాము. బేరింగుల వేడి, గేరుపళ్ళ అరుగుదల, కందెనల ఎంపిక వంటి విషయాలపై పాఠకమిత్రులు చూపిన ఆసక్తికి కృతజ్ఞుడను. ఈ పర్యాయం మనలో ప్రతి ఒక్కరి వద్దనూ ఉండి, మనలో ఏ ఒక్కరమూ సకాలంలో మరమ్మతు చేయించని ఒక యంత్రాన్ని గురించి వ్రాయదలచాను. అది మన శరీరం. అందులోనూ ఒకే ఒక కీలు, తుంటి కీలు. దానిని గురించి నాకు పాఠం చెప్పినది హాకీ కాదు, వాలీబాల్ కాదు. మనలో చాలమంది టెలివిజన్‌లో తప్ప చూచి ఎరుగని గోల్ఫ్ ఆట.

గత సంవత్సరం సెలవుపై హైదరాబాదు వెళ్ళినప్పుడు మా అల్లుడు నన్ను ఒక గోల్ఫ్ అభ్యాసప్రాంగణానికి తీసుకొనిపోయాడు. వరుసగా నిలుచున్నవారు బంతులను అలవోకగా రెండు వందల గజాల దూరం పంపుతున్నారు. చిన్ననాడు బిళ్ళంగోడు ఆడినవాడను గదా, ఇందులో ఏముందిలే అని నేనూ కర్ర అందుకొన్నాను. "మామయ్యగారూ, మెల్లగా" అంటూనే ఉన్నాడు అల్లుడు. పాదాలను నేలకు అంటగట్టి, మోకాళ్ళు బిగించి, బలమంతా కూడదీసుకొని నడుమును ఒక్క విసురున తిప్పాను. మొదటి బంతి కదలలేదు. రెండవది పది గజాలు దొర్లినది. మూడవ విసురుకు బంతి ఏమైనదో నేను చూడలేదు. వీపు క్రిందిభాగంలో కత్తి దిగినట్లయి కర్ర వదలి అక్కడనే కూలబడ్డాను. ఆ తరువాత మూడు వారాలు మంచం మీదనే గడిచినవి.

భిలాయికి తిరిగి వచ్చిన పిమ్మట నన్ను పరీక్షించిన ఫిజియోథెరపిస్టు నా నడుమును తాకక మునుపే నా కాళ్ళను పరీక్షించినది. వెల్లకిల పరుండబెట్టి, మోకాలు మడిచి, తొడను లోపలివైపునకు త్రిప్పి చూచి, "సార్, మీ నడుములో పెద్ద లోపం ఏమీ లేదు. మీ ఎడమ తుంటి తిరగడం లేదు. దాని పని కూడా నడుమే చేస్తున్నది. ఎంతకాలమని చేస్తుంది?" అన్నది.

ముప్పది సంవత్సరాలు యంత్రాల మధ్య గడిపిన నాకు ఆ మాట వెంటనే అర్థమయింది. బేరింగు బిగుసుకొనిపోయిన యంత్రానికి మోటారు బలంగా తోలుతూనే ఉంటే మొదట తెగిపోయేది మధ్యనున్న కప్లింగు. మనము కప్లింగును మారుస్తాము. నెల తిరుగకుండా అది మళ్ళీ తెగుతుంది. మూడవసారికి గాని ఎవరో ఒకరు బేరింగుపై చేయి వేసి చూడరు. నడుమునొప్పికి మనము చేసే వైద్యం చాలవరకు ఈ తీరుననే ఉన్నది. తైలమర్దనం, బెల్టు, మాత్రలు, విశ్రాంతి, ఇవన్నీ కప్లింగుకే.

మన భాషలోనూ నడుముకు ఉన్న గౌరవం తుంటికి లేదు. పనికి పూనుకొంటే నడుము కడతాము. అలసిపోతే నడుము వాలుస్తాము. తుంటి పేరు మాత్రం "తుంటిమీద కొడితే పళ్ళు రాలినట్లు" అన్న సామెతలో తప్ప అంతగా వినబడదు. ఆ సామెతను మనము సంబంధంలేని మాటలను ఎద్దేవా చేయడానికి వాడతాము. కాని దెబ్బ ఒకచోట, బాధ మరొకచోట అన్నది శరీరం విషయంలో అక్షరసత్యం.

కాలిలో పుట్టి కర్రకొసకు

గోల్ఫ్ విసురును ఇంజనీరు కంటితో ఒకసారి లెక్కవేద్దాము. బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. కర్రకొసనున్న లోహపుతల బరువు సుమారు 200 గ్రాములు. మేటి ఆటగాని చేతిలో ఆ తల బంతిని తాకే వేళకు సెకనుకు దాదాపు 50 మీటర్ల వేగం, అనగా గంటకు 180 కిలోమీటర్లు అందుకొంటుంది. బంతి సెకనుకు 75 మీటర్ల వేగంతో లేస్తుంది. కర్ర, బంతి ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉండేది సెకనులో రెండు వేలవ వంతు మాత్రమే. ఆ క్షణంలో ఆటగాడు చేయగలిగినది ఏమీ లేదు. చేయవలసినదంతా అంతకు మునుపే జరిగిపోవాలి.

ఆ మునుపు ఎంత? కర్ర పైనుండి క్రిందికి దిగి బంతిని చేరడానికి పట్టే కాలం సెకనులో నాలుగవ వంతు. 200 గ్రాముల తలకు ఆ వేగంలో గల గతిశక్తి 250 జౌళ్ళు. నాలుగవ వంతు సెకనులో దానిని సమకూర్చడానికి సగటున వెయ్యి వాట్లు కావాలి. ఇది కర్రతలకు మాత్రమే. దానితోబాటు కదిలే చేతుల బరువు, మొండెం బరువు లెక్కలోనికి తీసుకొంటే అవసరమయ్యే శక్తి ఇంకను అనేక రెట్లు. ముంజేతుల కండలకు అంత సత్తువ లేదు. శరీరంలోని పెద్ద కండరాలు తొడలలోను, పిరుదులలోను, మొండెంలోను ఉన్నవి. కావున శక్తి పుట్టవలసినది క్రింద. వేగం బయటపడవలసినది పైన. నడుమ జరగవలసినది బదిలీ.

ఈ బదిలీని మన పల్లెల్లో జొన్నచేను కావలి కాసిన ప్రతి కుర్రవాడూ ఎరుగును. వడిసెల విసిరేవాడు ముందుగా కాలు నిలద్రొక్కుకొంటాడు. పిదప తుంటి తిరుగుతుంది. దాని వెంట భుజం, భుజం వెంట చేయి, చేతి వెంట త్రాడు, చిట్టచివర రాయి. ముందుగా చేతిని విసిరినవాని రాయి గట్టు దాటదు. గోల్ఫ్ విసురూ అంతే. 1968లో కాక్రన్, స్టాబ్స్ అను ఇరువురు బ్రిటన్‌లో వెలువరించిన 'ది సెర్చ్ ఫర్ ది పర్‌ఫెక్ట్ స్వింగ్' అను గ్రంథం ఈ విసురును ఒకదాని కొసకు మరొకటి తగిలించిన రెండు లోలకాలుగా వివరించినది. భుజముల ఇరుసు నుండి చేతులు ఒక లోలకం. మణికట్టు నుండి కర్ర రెండవది. మొదటిది నెమ్మదించే వేళకు రెండవది దూసుకొనిపోతుంది. ఆ రెంటినీ నడిపించే చోదకం మాత్రం కాళ్ళు, తుంటి.

తరువాతి కాలంలో శరీరానికి సెన్సర్లు కట్టి కొలిచినవారు ఈ వరుసను అంకెలలో చూపినారు. క్రిందికి దిగే విసురులో మొదట కటిభాగం తన గరిష్ఠవేగం అందుకొని నెమ్మదిస్తుంది. తరువాత ఛాతీ, తరువాత చేతులు, కడపట కర్ర. వృత్తిక్రీడాకారులలో కటివేగం సెకనుకు సుమారు 450 డిగ్రీలు. కర్రవేగం రెండు వేల డిగ్రీలకు పైమాట. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే తుంటి నిమిషానికి 75 చుట్ల వేగంతో తిరిగితే కర్ర 350 చుట్లకు చేరువవుతుంది. పంటిచక్రం ఒక్కటీ లేని గేరుపెట్టె ఇది. ఇందులో ఒక్క మెట్టు బిగుసుకొన్నా పై మెట్టు ఆ లోటును పూడ్చుకొనడానికి ప్రయత్నిస్తుంది. ప్రమాదం అక్కడ ఉన్నది.

ఏ కీలు ఎంత తిరుగుతుంది

మనము "నడుము తిప్పు" అంటాము గాని నడుము తిరగడానికి ఏర్పడిన భాగం కాదు. నడుములోని వెన్నుపూసలు అయిదు. వాటి వెనుకభాగాన ఉండే చిన్న కీళ్ళు ముందువెనుకలుగా నిలువున అమరి ఉండుటచే వంగడానికీ లేవడానికీ చక్కగా సహకరిస్తాయి. మెలిక తిరగబోతే ఒకదానినొకటి అడ్డగిస్తాయి. రెండు పూసల నడుమ తిరుగుడు రెండు మూడు డిగ్రీలను మించదు. అయిదూ కలిసి ఒకవైపునకు పది డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. దానికి పైనున్న ఛాతీభాగపు వెన్ను అంతకు మూడింతలు తిరుగుతుంది. దానికి క్రిందనున్న తుంటి గుంటలో గుండువలె అమరిన కీలు. లోపలివైపునకు 30 నుండి 45 డిగ్రీల వరకు, వెలుపలివైపునకు దాదాపు అంతే తిరుగుతుంది. పైన ఒక బేరింగు, క్రింద ఒక బేరింగు, నడుమ బరువు మోయుటకు ఏర్పడిన స్తంభం, ఇదీ అమరిక.

గోల్ఫ్ ఆటగాడు కర్రను వెనుకకు ఎత్తినపుడు భుజాలు సుమారు 90 డిగ్రీలు, కటి సుమారు 45 డిగ్రీలు తిరుగుతాయి. కర్ర దించేటపుడు కటి ముందుగా వెనుదిరిగి, బంతిని తాకే వేళకే లక్ష్యం వైపునకు తెరుచుకొని ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తుంటి తిరగడమంటే కాలు తిరగడమని మన ఊహ. ఈ విసురులో కాలు నేలను అంటుకొని ఉంటుంది. దానిపై కటి తిరుగుతుంది. మన ఇండ్లలోని తిరగలిని జ్ఞాపకం చేసుకొనండి. క్రిందిరాయి కదలదు, మేకు కదలదు, పైరాయి మేకు చుట్టూ తిరుగుతుంది. కుడిచేతివాటపు ఆటగానికి కర్ర ఎత్తేటపుడు కుడితొడ, దించేటపుడు ఎడమతొడ ఆ మేకు. ఎడమ తుంటి లోపలివైపునకు తిరగకపోతే పైరాయి అక్కడనే ఆగిపోవాలి. కాని విసురు ఆగదు. మిగిలిన డిగ్రీలను నడుము చెల్లిస్తుంది. పది డిగ్రీల ఖాతాలోనుండి ముప్పది డిగ్రీలు తీసుకొనే ప్రయత్నమే నాడు హైదరాబాదులో నేను చేసినది.

2004లో అమెరికాలో 42 మంది వృత్తిక్రీడాకారులను పరీక్షించి ప్రకటించిన ఒక అధ్యయనంలో, నడుమునొప్పి చరిత్ర గలవారికి లక్ష్యం వైపునున్న తుంటి లోపలివైపు తిరుగుడు తగ్గి ఉన్నట్లు తేలినది. వీరు రోజుకు వందల విసురులు విసిరేవారు. మనకు విసురులు లేవు గదా అనుకొనరాదు. స్కూటరుపై కూర్చుండియే వెనుకకు తిరిగి సంచి అందుకొనడం, కుర్చీలో నుండి లేవకుండా ప్రక్క సొరుగులోని ఫైలు లాగడం, ప్రక్కనున్న నీళ్ళబకెట్టును పాదాలు కదపకుండా ఎత్తడం. ఇవన్నీ కర్ర లేని విసురులే.

విరిగిన కటితో విజేత

తుంటి ప్రాధాన్యాన్ని గోల్ఫ్ లోకానికి అందరికంటె గట్టిగా చెప్పినవాడు బెన్ హోగన్. ఆయన చెప్పిన తీరుకంటె ఆయన జీవితమే ఎక్కువ చెప్పినది. 1949 ఫిబ్రవరి 2న టెక్సాస్‌లో పొగమంచులో ఆయన కారును ఒక బస్సు ఎదురుగా ఢీకొన్నది. ప్రక్కనున్న భార్యను కాపాడుటకై ఆమెపైకి ఒరిగిన హోగన్‌కు కటివలయం రెండుచోట్ల విరిగినది. జత్రుక (కాలర్‌బోన్), ఎడమచీలమండ విరిగినవి. రక్తం గడ్డలు కట్టి ప్రాణాపాయం ఏర్పడినది. ఇక నడుస్తాడో లేదో అన్న సందేహం ఉండినది. పదునారు నెలల తరువాత, 1950 జూన్‌లో, మెరియన్ మైదానంలో ఆయన అమెరికా ఓపెన్ గెలిచాడు. కాళ్ళకు పట్టీలు చుట్టుకొని, నొప్పితో నడుస్తూ, సమానంగా నిలిచిన మరి ఇద్దరితో ఆడిన అదనపు పోటీలో నెగ్గాడు. 1953లో ఒకే సంవత్సరం మూడు ప్రధాన పోటీలు గెలిచాడు.

1957లో వచ్చిన ఆయన 'ఫైవ్ లెసన్స్' పుస్తకం నేటికీ చదువబడుతున్నది. దించే విసురును మొదలుపెట్టవలసినది చేతులు కావు, తుంటి అని అందులో ఆయన స్పష్టంగా చెప్పాడు. విరిగి అతికిన కటి గలవాడు ఆ మాట చెప్పడంలో నాకు ఒక అర్థం కనిపిస్తున్నది. ఆ భాగం ఎంత విలువైనదో దానిని పోగొట్టుకొని తిరిగి సంపాదించుకొన్నవానికే బాగా తెలుసును.

ఆ కాలపు ఆటగాళ్ళు కర్ర ఎత్తేటపుడు ఎడమమడమను నేలనుండి లేవనిచ్చేవారు. ఆ తరువాత వచ్చిన జాక్ నిక్లాస్ కూడ అంతే. మడమ లేస్తే కటి ధారాళంగా తిరుగుతుంది. నడుముకు భారం తగ్గుతుంది. 1992లో జిమ్ మెక్‌లీన్ అను శిక్షకుడు భుజముల తిరుగుడుకూ తుంటి తిరుగుడుకూ గల తేడాకు ఎక్స్-ఫాక్టర్ అని పేరుపెట్టి, ఆ తేడా పెరిగితే దూరం పెరుగుతుందని వ్రాశాడు. స్ప్రింగును బిగించినకొద్దీ శక్తి పెరుగుతుందన్నది భౌతికశాస్త్ర రీత్యా సబబే. కాని దానిని పట్టుకొని తుంటిని కదలనీయక భుజాలను మాత్రమే తిప్పబోయినవారు చాలమంది. మనమైతే వెంటనే ఒక ప్రశ్న వేస్తాము. స్ప్రింగుకు అలసట పరిమితి ఎంత? ఆ ప్రశ్న ఆటస్థలంలో ఆలస్యంగా వచ్చినది. టైగర్ వుడ్స్ అంతటివాడు వీపుకు పలుమార్లు శస్త్రచికిత్స చేయించుకొని, 2017 ఏప్రిల్‌లో నడుములోని పూసలను ఒకటిగా అతికించుకొనవలసి వచ్చినది. రెండేళ్ళకు, 2019 ఏప్రిల్‌లో, 43వ ఏట మాస్టర్స్ పోటీ గెలిచాడు. ఆయన వెన్ను దెబ్బతినడానికి కారణాలు అనేకం ఉండవచ్చు. అతికించిన నడుముతో కూడ విజేత కావడం సాధ్యమైనదంటే, తిరుగుడులో నడుము వాటా ఎంత స్వల్పమో మనకు తెలియవస్తున్నది.

వంగిన వెన్నుతో మనవాడు

ఇక మన తెలుగువారికి గర్వకారణమైన ఒక ఉదాహరణ. 1997లో కాలిఫోర్నియాలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన సాహిత్ తీగల నేడు అమెరికా వృత్తిగోల్ఫ్‌లో పేరుగన్న ఆటగాడు. తండ్రి టెలివిజన్‌లో ఆట చూచి ఆసక్తి పెంచుకొని కుమారునికి కర్ర చేతికిచ్చినవాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుకొన్న సాహిత్, 2020లో అమెరికా కళాశాల గోల్ఫ్‌లోని మూడు అత్యున్నత పురస్కారాలనూ ఒకే సంవత్సరం అందుకొన్నాడు. వాటిలో ఒకటి బెన్ హోగన్ పేరిట ఇచ్చేది. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి వృత్తిపోటీలలో తొలి విజయం సాధించాడు. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టున ఆడాడు.

ఈ సాహిత్‌కు చిన్ననాటి నుండి వెన్ను ప్రక్కకు వంగి ఉన్నది. వైద్యులు స్కోలియోసిస్ అనే లోపం అది. అతని విసురు పుస్తకాలలోని చిత్రాలవలె తిన్నగా ఉండదు. చూచిన వెంటనే అతనిదని గుర్తుపట్టవచ్చు. పుస్తకంలోని కొలతకు తన వెన్నును వంచబోక, తన వెన్నుకు తగిన కొలతను తాను వెదకికొన్నాడు. మన కర్మాగారంలో రెండు రోలింగు స్టాండులు ఒకే నమూనావైనా ఒకే విధంగా నడవవు. వాటిని నడిపే ఆపరేటరు ఏ స్టాండుకు ఏ సర్దుబాటో ఎరిగి ఉంటాడు. సాహిత్ తన శరీరానికి తానే అట్టి ఆపరేటరు.

అయిదుపదులు దాటిన మనవంటివారికి హోగన్ కంటె, టైగర్ కంటె ఈ యువకుని ఉదాహరణే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. మన తుంటికి ఇరువదియేండ్లనాటి తిరుగుడు తిరిగి రాకపోవచ్చు. ఉన్న తిరుగుడు ఎంతో తెలిసికొని, దానిని పోగొట్టుకొనక, దానికి తగినట్లు మెలగడం మాత్రం మన చేతిలో ఉన్నది.

కొలిమి ముందు విన్న మాట

ఇదంతా అమెరికా నుండి దిగుమతి చేసుకొన్న జ్ఞానమని అనుకొనవద్దు. భిలాయిలో 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన నాటి నుండి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలవారు ఎందరో రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి ఇచ్చటికి వచ్చి స్థిరపడినారు. వారిలో ఓపెన్ హార్త్ కొలుముల వద్ద పనిచేసిన ఒక పెద్దాయనను నేను శిక్షణలో ఉన్న రోజులలో ఎరుగుదును. కొలిమి లోపలి గోడ అరిగినచోట డోలమైటును పారతో విసిరి నింపడం ఆ కాలంలో ఒక ముఖ్యమైన పని. ఎదురుగా తెరచిన ద్వారం, లోపల పదునారు వందల డిగ్రీల వేడి, చేతిలో నిండుపార; ముందుకు వచ్చి, విసిరి, వెనుదిరగడానికి రెండు మూడు క్షణాలే వ్యవధి.

నాకు సరదా పుట్టి ఒకనాడు విరామవేళ, చల్లబడిన చోటున, ఇసుకకుప్పపై పార పట్టి ప్రయత్నించాను. ఆయన చూచి నవ్వి, "బాబూ, పార సేత్తో ఇసరకూడదు. కాలితో ఇసరాల. నడుం తిప్పితే నెల్లాళ్ళు పని సేత్తావు, కాలు తిప్పితే రిటైరయ్యేదాకా సేత్తావు" అన్నాడు. తాను చేసి చూపించాడు. ముందుకాలు విసురువైపునకు తిరిగినది, వెనుకమడమ లేచినది, తుంటి ముందు సాగినది, పార ఆ వెనుకనే గాలిలో తేలిపోయినది. నడుము పారతోబాటు తిరిగినది గాని మెలిక పడలేదు. ఆ మాటను నేను పనివాని చాతుర్యంగా భావించి మరచిపోయాను. ముప్పది యేండ్ల తరువాత మంచం మీద పరుండి ఇంటి పైకప్పు చూస్తుండగా జ్ఞాపకం వచ్చినది. ఆయన నాకు ఉచితంగా చెప్పినదానిని నేను మూడు వారాల జీతనష్టపు సెలవుతో కొనుక్కొన్నాను.

చేయదగినవి

మొదట పరీక్ష. ఎత్తైన కుర్చీలోగాని, బల్లపైగాని మోకాళ్ళు దగ్గరగా ఉంచి కూర్చుండండి. మోకాలు కదలకుండా ఒక పాదాన్ని వెలుపలివైపునకు జరపండి. పాదం వెలుపలికి పోతున్నదంటే తొడ లోపలికి తిరుగుతున్నదని అర్థం. ముప్పది డిగ్రీలు, అనగా గడియారంలో ఆరు నుండి అయిదు అంకె వరకు గల దూరం, వచ్చినచో సంతోషం. రెండు కాళ్ళనూ పోల్చి చూడండి. ఒకవైపు తక్కువగా ఉంటే మీ నడుము ఆ వైపున ఎక్కువ పనిచేస్తున్నదని అనుమానించవలసినదే. నాకు ఎడమప్రక్కన ఆ రోజున పదునైదు డిగ్రీలు దాటలేదు.

మనవారు బాసింపట్టు వేసుకొని కూర్చునే అలవాటు గలవారు గనుక తుంటి వెలుపలివైపు తిరుగుడు సాధారణంగా నిలిచి ఉంటుంది. లోపలివైపు తిరుగుడుకు మాత్రం మన దినచర్యలో పని లేదు. వాడని వాల్వు బిగుసుకొన్నట్లు అది క్రమంగా బిగుసుకొంటుంది. దానికి రోజుకు అయిదు నిమిషాలు చాలును. పై పరీక్షనే వ్యాయామంగా ఒక్కొక్క కాలికి పదిసార్లు చేయవచ్చు. వెల్లకిల పరుండి, మోకాళ్ళు మడిచి, పాదాలు ఎడంగా ఉంచి, రెండు మోకాళ్ళనూ కలిపి ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు నెమ్మదిగా వాల్చడం రెండవది. మూడవది నిలబడి చేసేది. ఒక కర్రను రొమ్ముపై అడ్డంగా పట్టుకొని, కటినీ ఛాతీనీ కలిపి ఒకవైపునకు త్రిప్పండి. వ్యతిరేకదిశలోని మడమను లేవనివ్వండి. మడమ లేవడం తప్పు కాదు. నిక్లాస్‌కు తప్పు కానిది మనకు తప్పెందుకవుతుంది?

ఇక నిత్యజీవితంలో పాటించవలసిన నియమం ఒక్కటే. బరువును ప్రక్కకు మార్చవలసి వస్తే మొదట పాదాలు తిప్పండి. నాభి ఎటు చూస్తున్నదో బొటనవ్రేళ్ళు అటే చూడాలి. సిలిండరు మార్చేవేళ, సంచి అందుకొనేవేళ, మనుమని ఎత్తుకొనేవేళ ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంటే చాలును.

ఒక హెచ్చరిక కూడ అవసరం. నొప్పి పిరుదు దాటి కాలిలోనికి దిగుతున్నా, పాదం మొద్దుబారుతున్నా, గజ్జలో నొప్పి వస్తున్నా, తుంటికి మునుపు శస్త్రచికిత్స జరిగి ఉన్నా ఈ వ్యాయామాలు మొదలుపెట్టక వైద్యుని సంప్రదించవలెను. మూత్రవిసర్జనలో తేడా కనిపించినచో ఆ పూటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. నేను యంత్రాల ఇంజనీరును మాత్రమే.

ఈ ఆరునెలలలో నా ఎడమ తుంటి పదునైదు నుండి ఇరువదియైదు డిగ్రీలకు వచ్చినది. మొన్న సెలవుపై వెళ్ళినపుడు మా అల్లుడు బయలుదేరదీశాడు గాని నేను గోల్ఫ్ ఆడలేదు, చూచి వచ్చాను. ఆడేవారి బంతులు ఎటు పోతున్నవో గమనించలేదు. వారి ఎడమమడమలను, తుంటిని మాత్రమే చూస్తూ కూర్చున్నాను. ఒక డెబ్బది యేండ్ల పెద్దమనిషి మడమ ఎత్తి, మెల్లగా తిరిగి, బంతిని నూరు గజాలు తిన్నగా పంపాడు. ఆయన ప్రక్కనున్న యువకుడు పాదాలు బిగించి, బలం కొద్దీ విసిరి, నడుము పట్టుకొన్నాడు. నేను లేచి వెళ్ళి, పరిచయం లేకున్నను, మా పెద్దాయన కొలిమి ముందు చెప్పిన మాట అతనికి చెప్పి వచ్చాను.